ఖిలా వరంగల్ నుంచి ఇంద్రవెల్లి దాకా, ఇద్దరు అతిథులతో

యుద్ధం ఆగాక ఊళ్లు ఎట్లా తేరుకుంటాయో చూడటమే ఆ ఇద్దరి పని. ఒకాయన జాఫ్నా తమిళుడు, ఇప్పుడు చెన్నైలో పాఠాలు చెబుతున్నాడు. ఇంకొకావిడ నార్వే మనిషి. 2009 మే నెలలో శ్రీలంకలో యుద్ధం ముగిశాక కిలినొచ్చిలో ఒక సహాయ సంస్థ తరఫున కొన్నేళ్లు ఇళ్లు కట్టించే పని చూసింది. హైదరాబాద్‌లో ఏదో సదస్సుకు వచ్చి, మీ ఉత్తర తెలంగాణ చూపిస్తారా అని అడిగారు. పత్తి ఏరే రోజులు, ఎండ తక్కువ. హనుమకొండలో నేను ఎప్పుడూ మాట్లాడుకునే కారే మాట్లాడాను. బయల్దేరే ముందు డ్రైవర్ భాయ్ నన్ను పక్కకు పిలిచి అడిగాడు: "సార్, మన దగ్గర యుద్ధం ఎప్పుడైంది?"

అడగాల్సిన మాటే. కాకతీయుల కోట పడిపోయిన 1323 ఉంది. జోడేఘాట్ కొండల్లో కొమురం భీమ్ పడిపోయిన 1940 ఉంది. రైతాంగ సాయుధ పోరాటం 1946 నుంచి 1951 దాకా నడిచింది. మధ్యలో 1948 వచ్చింది. 1978లో జగిత్యాలలో మొదలైన నక్సలైట్ల కాలం మా తరం కళ్లారా చూసిందే. సర్కారు కాగితాల్లో వీటిలో సగం యుద్ధాలే కావు. ఒకటి పోలీసు చర్య, ఇంకొకటి శాంతిభద్రతల సమస్య. భాయ్‌కి ఇదంతా చెప్పలేదు. "పోదాం పద, అక్కడే తెలుస్తది" అన్నాను.

శుక్రవారం, హనుమకొండ, ఖిలా వరంగల్

పొద్దున్నే వేయిస్తంభాల గుడికి వెళ్లాం. రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి. ఎదురుగా ఉన్న కల్యాణ మండపాన్ని బాగుచేస్తామని 2006లో విప్పేశారు. రాళ్లకు నంబర్లు వేసి ఆవరణలో పరిచారు. నా చేతి కింద చదువుకున్న పిల్లల్లో చాలామందికి ఆ మండపం అంటే గోడవతల పేర్చిన రాళ్లే. 2024 మహాశివరాత్రి నాడు గానీ అది మళ్లీ తెరుచుకోలేదు. పద్దెనిమిదేళ్లు పట్టింది.

నార్వే ఆవిడ కొత్త రాయికీ పాత రాయికీ రంగులో తేడా కనిపెట్టి, ఒక స్తంభం మీద వేలు పెట్టి చూపించింది. ఏది పాతదో ఏది కొత్తదో తెలియాలి, అదే నిజాయితీ అని ఆమె లెక్క. పక్కన దీపాలు అమ్ముకునే ఆమెకు ఇందులో పట్టింపేమీ లేదు. "ఎన్నేండ్లు చేసిండ్రో చూడుండ్రి. చేసిండ్రు, సంతోషం" అంది.

జాఫ్నా మిత్రుడు మాత్రం తమ ఊరి లైబ్రరీ ఎత్తాడు. 1981లో, మే 31 రాత్రి దాటాక, జాఫ్నా పబ్లిక్ లైబ్రరీని తగలబెట్టారు. దాదాపు 97 వేల పుస్తకాలు, తాటాకు ప్రతులు పోయాయి. 1998లో ప్రభుత్వం దాన్ని మళ్లీ కట్టడం మొదలుపెట్టినప్పుడు ఊళ్లో రెండు మాటలు వినిపించాయి. పిల్లలకు పుస్తకాలు కావాలి, కట్టండి అన్నవాళ్లు ఉన్నారు. మసిపట్టిన గోడలను అట్లాగే వదిలేయండి, కాల్చింది ఎవరో రాసి పెట్టండి అన్నవాళ్లూ ఉన్నారు. 2003లో తెల్ల రంగుతో భవనం తయారైంది. ప్రారంభం మీద కూడా గొడవలయ్యాయి. "బయటి నుంచి వచ్చినవాళ్లు ఎంత అందంగా కట్టారో అంటారు. మా నాన్న ఇప్పటికీ దాని ముందు నిలబడి, ఎంత శుభ్రంగా తుడిచేశారో అంటాడు" అన్నాడు.

ఎండ ఎక్కాక ఖిలా వరంగల్. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు నిలబడి ఉన్నాయి. వాటి మధ్యలో ఉండాల్సిన స్వయంభూ శివాలయం నేలమట్టమై, ముక్కలు ముక్కలుగా పరుచుకుని ఉంది. 1323లో ఉలుఘ్ ఖాన్ సైన్యం కోటను పట్టుకున్నాక గుడి పోయింది. తోరణాలు మిగిలాయి. పైన అడ్డదూలం చివర్లలో హంసలు, కింద తామర మొగ్గలు, తీగలు. ఎక్కడా దేవుడి బొమ్మ లేదు. అందుకే వదిలేశారేమో అని చరిత్రకారులు కొందరు అంటారు. ఇప్పుడు అదే తోరణం తెలంగాణ రాజముద్రలో ఉంది.

విదేశీయులకు ఈ శిథిలం ముద్దొస్తుంది. ఇది నాకు మొదటి నుంచీ కొంచెం చిరాకే. నార్వే ఆవిడ కూడా ముట్టుకోకుండా ఇట్లాగే ఉంచాలి అంది. మట్టికోట లోపల ఇప్పటికీ ఊరుంది, మనుషులున్నారు, పొలాలున్నాయి. తోరణం దగ్గర బర్రెను తోలుకుపోతున్న ఒక పెద్దమనిషిని ఆగమని, గుడి మళ్లీ కట్టాలా అని అడిగాం. "గుడి సంగతి తర్వాత. కోట లోపల ఇల్లు బాగుజేసుకోనీకి ఒక ఇటుక పెట్టాలన్నా పర్మిషన్ కావాలె. అది చూడమనుండ్రి" అన్నాడు. ఏడు వందల ఏళ్ల కిందటి యుద్ధం గురించి అడిగితే ఇంటి పర్మిషన్ గురించి చెప్పాడని ఆవిడ నవ్వింది. నవ్వాల్సిన మాట కాదని నాకు అనిపించింది గానీ ఊరుకున్నాను.

శనివారం, బైరాన్‌పల్లి

జనగామ దాటి లోపలికి తిరిగితే బైరాన్‌పల్లి. ఒకప్పుడు వరంగల్ జిల్లా, ఇప్పుడు సిద్దిపేట. ఊరి బురుజు దూరం నుంచే కనిపిస్తుంది. రజాకార్లు వస్తే నగారా మోగించడానికి, వడిసెలలతో, భర్మార్ తుపాకులతో ఎదుర్కోవడానికి ఊరివాళ్లు ఆ బురుజునే కాపలా స్థలం చేసుకున్నారు. ఒకటికి రెండుసార్లు తరిమికొట్టారు కూడా. 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున నిజాం పోలీసులు, రజాకార్లు ఫిరంగులతో వచ్చి ఊరిని చుట్టుముట్టారు. పట్టుబడ్డ మగవాళ్లను వరుసగా నిలబెట్టి కాల్చారు. చనిపోయినవాళ్లు 96 మంది అని కొందరు, 118 మంది అని కొందరు రాశారు. అదే రోజు పక్కన కూటిగల్లులోనూ చంపారు. మూడు వారాలు గడవక ముందే భారత సైన్యం వచ్చింది. సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు.

బురుజు పక్కన స్తూపం దగ్గర ఒక తాత కూర్చున్నాడు. అప్పటికి తను చంటిపిల్లవాడినని, చూసిందేమీ గుర్తులేదని ముందే చెప్పేశాడు. నాకు ఆ మాట నచ్చింది. ఇట్లాంటి చోట్ల అన్నీ చూసినట్టు చెప్పేవాళ్లే ఎక్కువ దొరుకుతారు. తల్లి చెప్పిన సంగతులు చెప్పాడు. శవాలను గుర్తుపట్టడానికి నడుముకు కట్టుకున్న మొలతాళ్లు, చేతి కడియాలు చూశారట. తర్వాత స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్ కోసం ఎన్ని కాగితాలు పెట్టాల్సి వచ్చిందో చెప్పాడు. జైలుకు పోయినవాళ్లకు జైలు రికార్డు ఉంటుంది, బురుజు మీద చచ్చినవాడికి ఏ రికార్డు ఉంటుంది అని ఆయన ప్రశ్న.

నార్వే ఆవిడ నా ద్వారా అడిగింది: పోలీసు చర్య తర్వాత ఈ చుట్టుపక్కల ముస్లింల పరిస్థితి ఏమైంది? తాత కాసేపు నేల చూశాడు. "గది వేరే ముచ్చట బిడ్డా" అని, నీళ్లు తాగుతారా అని అడిగాడు.

వేరే ముచ్చటేమీ కాదు, ఇదే ముచ్చట రెండో సగం. 1948 చివర్లో కేంద్రం పండిట్ సుందర్‌లాల్ నాయకత్వంలో ఒక బృందాన్ని పంపింది. పోలీసు చర్య సమయంలోనూ తర్వాతా సంస్థానంలో 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని ఆ బృందం అంచనా వేసింది. ఎక్కువగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయట పెట్టలేదు. జాఫ్నా మిత్రుడు అంకె వినగానే తలెత్తాడు. శ్రీలంక యుద్ధం ముగిసిన చోటు ముల్లివాయ్‌క్కాల్. ఆ చివరి నెలల గురించి 2011లో ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం చెప్పిందీ ఇట్లాంటి అంకే: 40 వేల మంది దాకా పౌరులు చనిపోయి ఉండవచ్చన్న మాటను కొట్టిపారేయలేం అని. శ్రీలంక ప్రభుత్వం ఒప్పుకోలేదు. సొంతంగా వేసుకున్న కమిషన్ నివేదికను మాత్రం అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు ముందు పెట్టింది. "అక్కడ నివేదికలకు కరువు లేదు. ఒక్కో నివేదిక ఒక్కో ఊరికి చెందినట్టు ఉంటుంది" అన్నాడు.

ఇక్కడ నేను విదేశీ ఆవిడ పక్షమే. ఆమె అడగకపోతే మేం ఎవరమూ అడిగేవాళ్లం కాదు. ఏటా సెప్టెంబరు 17 వస్తే ఒకరు విమోచన అని, ఒకరు సమైక్యత అని, 2024 నుంచి రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన అని జెండా ఎగరేస్తారు. ఏ సభలోనూ తాత చెప్పని ఆ రెండో సగం ఊసుండదు.

కారు చేర్యాల దారి పట్టాక భాయ్ తనంతట తానే మొదలుపెట్టాడు. "మా తాత చెప్తుండె సార్. పోలీస్ యాక్షన్ అయినంక నెల దినాలు వేరే ఊళ్లె ఒక కాపాయన కొట్టంల పండుకున్నరట, పిల్లజెల్లతోటి. ఆయన పేరు మా ఇంట్ల చిన్నపోరగాళ్లకు కూడ ఎరుకే." ఇన్నేళ్లుగా ఆయన కారెక్కుతున్నాను, ఒక్కసారీ ఈ మాట రాలేదు. నార్వే ఆవిడ నోట్‌బుక్ తీసింది. "పేరు రాయకుండ్రి మేడం" అన్నాడు. ఆమె మూసేసింది.

ఆదివారం, కరీంనగర్, జగిత్యాల, జన్నారం

దారి ఎక్కువ, దిగింది తక్కువ. జగిత్యాలలో టీ తాగాం. 1978 సెప్టెంబరు 7న ఇక్కడ రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. నెల తిరిగే సరికి జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ తర్వాత పాతికేళ్ల పైన ఏ ఇంట్లో ఏం జరిగిందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర లేదు.

టీ కొట్టు దగ్గర, 2004లో నక్సలైట్లకూ ప్రభుత్వానికీ మధ్య జరిగిన చర్చల ప్రస్తావన వచ్చింది. శ్రీలంకలో 2002 కాల్పుల విరమణకు నార్వే మధ్యవర్తి. ఆ పేరు చెబితే జాఫ్నాలో ఇప్పటికీ సగం మంది తిడతారని ఆవిడే ఒప్పుకుంది. సింహళీయులు మీరు తమిళ పులుల (ఎల్టీటీఈ) పక్షం అన్నారట, తమిళులు మీరు నమ్మించి వదిలేశారు అన్నారట. మాకు విదేశీ మధ్యవర్తులు లేరు. రిటైరైన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్, ఆయనతో పాటు కొందరు పౌరులు 1997 నుంచి ఊరూరా తిరిగి, అటు పార్టీని ఇటు ప్రభుత్వాన్ని నిలదీసి, 2004 అక్టోబరులో ఇద్దరినీ ఒక బల్ల ముందు కూర్చోబెట్టారు. నాలుగు రోజులు మాట్లాడుకున్నారు. మరుసటి ఏడాది జనవరికల్లా మళ్లీ ఎన్‌కౌంటర్లు, మళ్లీ చంపుకోవడాలు. "భూమి దగ్గరికి వచ్చేసరికి చర్చలు ఆగాయి" అని నేను అన్నాను. మిగులు భూముల పంపిణీ ఆ చర్చల్లో పెద్ద అంశం. ఆయుధాల సంగతి తేలకే ఆగాయని టీ కొట్టాయన అన్నాడు. రెండూ నిజమే.

చీకటి పడ్డాక జన్నారం చేరాం. చలి మొదలైంది.

సోమవారం, మార్లవాయి, జోడేఘాట్

పొద్దున కవ్వాల్ అడవి గుండా ఉట్నూరు వైపు. 2012లో ఇది టైగర్ రిజర్వ్ అయింది. రోడ్డు పక్కన చెక్‌పోస్టు, పులి బొమ్మ బోర్డు. ఆ బోర్డు ముందు ఫొటో తీసుకుందామని నార్వే ఆవిడ దిగబోతే, గార్డు ముందుకు పొమ్మన్నాడు.

జైనూరులో భాయ్ కారు ఆపకుండా పోనిచ్చాడు. 2024 సెప్టెంబరులో ఒక ఆదివాసీ మహిళపై జరిగిన దాడి తర్వాత ఇక్కడ దుకాణాలు తగలబడ్డాయి, కర్ఫ్యూ పెట్టారు, ఇంటర్నెట్ ఆపారు. ఇప్పుడు బజారు నిండుగానే ఉంది. పత్తి సంచులు, కూరగాయలు, ఫోన్ రీచార్జి కొట్లు. ఎవరు ఎవరితో కలిసి టీ తాగుతున్నారో కారు అద్దంలోంచి తెలిసే విషయం కాదు.

మార్లవాయి చిన్న గోండు గూడెం. ఊరి అంచున రెండు సమాధులు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి బెట్టీ ఎలిజబెత్‌ది, ఇంకొకటి ఆమె భర్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ది. ఆయన వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేనాటికి చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండటంతో బ్రిటిష్‌వాళ్లకు శత్రుదేశస్థుడయ్యాడు. హైదరాబాద్ సంస్థానం దాటి పోకూడదని కట్టడి చేశారు. అదే సమయంలో, 1940లో, జోడేఘాట్‌లో భీమ్‌నూ ఆయన మనుషులనూ పోలీసులు కాల్చిచంపారు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని నిజాం సర్కారు ఈ శత్రుదేశస్థుడినే అడిగింది. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు, గోండీ నేర్చుకున్నాడు.

ఆయన తేల్చింది మతమో అజ్ఞానమో కాదు. అటవీ శాఖ రిజర్వు గీతలు గీసినప్పుడు గోండుల చేన్లు, గూడేలు ఆ గీతల లోపలికి పోయాయి, గుడిసెలు కాల్చి వెళ్లగొట్టారు, అడిగినచోటల్లా తిప్పారు. ముందు భూమి పట్టాలివ్వండి, తర్వాత బడులు అన్నాడు. 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది. గోండీ వాచకాలు దేవనాగరిలో అచ్చయ్యాయి. సేతు మాధవరావు పగ్డీ లాంటి అధికారులు కలిసొచ్చారు. 1940లు ముగిసే సరికి జిల్లాలో లక్షన్నర ఎకరాలకు పైగా భూమికి ఆదివాసుల పేర పట్టాలయ్యాయి. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు వచ్చి కూర్చుని ఫిర్యాదులు వినే దర్బారు కూడా ఆయన పెట్టించిందే. 1970ల్లో మళ్లీ వచ్చి చూసేనాటికి ఆ భూములు చాలావరకు బయటి నుంచి వచ్చినవాళ్ల చేతుల్లోకి పోయాయి. దాని గురించి కోపంగానే రాశాడు. బెట్టీ 1987లో పోయింది. ఆయన 1995లో లండన్‌లో పోయాడు. అస్థికలు 2012లో తెచ్చి ఇక్కడే ఆమె పక్కన పెట్టారు. ఏటా జనవరి 11న ఊరు ఊరంతా చేరి వర్ధంతి చేస్తుంది.

ఊరి పెద్ద ఒకాయన మంచం వాల్చి కూర్చోబెట్టాడు. జొన్నరొట్టె, చిక్కుడు కూర వచ్చాయి. భాయ్ ఆయన్ను "దాదా" అని పిలుస్తూ మాట కలిపాడు. నేను, చదువుకున్నవాడి అలవాటు కొద్దీ, ఒక పుల్ల పెట్టాను: హైమన్‌డార్ఫ్ నిజాం మనిషే కదా దాదా, మళ్లీ తిరుగుబాటు రాకుండా చల్లార్చడానికి పంపినోడే కదా? హనుమకొండలో మా మిత్రులు ఇట్లాగే అంటారు, నేను కూడా క్లాసులో అన్నాను. దాదా రొట్టె విరిచి భాయ్ పళ్లెంలో పెట్టి, తర్వాత నాతో అన్నాడు.

"పంపినోడు ఎవడైతేంది సార్? వచ్చినోడు ఏమడిగిండు, అది చూడాలె. నీ దేవుడెవడని అడగలే. పోలీసోళ్ల మీద కోపం పోయిందా అని అడగలే. ఏ చేను నీది, ఎన్నేండ్ల సంది దున్నుతున్నవ్ అని అడిగిండు."

నార్వే ఆవిడకు ఇది మార్చి చెబుతుంటే ఆమె మొహం కొంచెం ఎర్రబడింది. కిలినొచ్చిలో తమ సంస్థ ఇంటింటికీ పట్టుకుపోయిన ప్రశ్నల పట్టికలో మొదటి ప్రశ్న పొరుగు సముదాయం మీద మీకు నమ్మకం ఎంత, ఒకటి నుంచి ఐదు దాకా చెప్పండి అనేదట. భూమి ప్రశ్న చివరి పేజీలో. జాఫ్నా మిత్రుడు ఆగలేకపోయాడు. భారత ప్రభుత్వం ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో ఇళ్లు కట్టుకోవడానికి ఒక్కో కుటుంబానికి ఐదున్నర లక్షల శ్రీలంక రూపాయలు విడతలుగా బ్యాంకులో వేసింది. ఇల్లు ఎవరిది వాళ్లే కట్టుకున్నారు. పని బాగానే నడిచింది. కానీ ఎవరి నేల సైన్యం కంచె లోపల ఉండిపోయిందో వాళ్లకు ఆ డబ్బుతో పని లేకుండా పోయింది. "డబ్బు ఉంది, ఇటుకలు ఉన్నాయి, నిలబడటానికి చోటు లేదు" అన్నాడు. దాదాకు అది అనువదించాల్సిన పని ఎక్కువ పడలేదు. సగం ముందే తల ఊపాడు.

తర్వాత దాదా ఆమెను అడిగాడు. "బాయి, మీ దేశంల యుద్ధం కాలేదా?"

అయింది అంది. వాళ్ల అమ్మమ్మది నార్వే ఉత్తర కొసన హామర్‌ఫెస్ట్. 1944లో వెనక్కి పోతున్న జర్మన్ సైన్యం ఆ ప్రాంతమంతా తగలబెట్టింది. హామర్‌ఫెస్ట్‌లో శ్మశానం దగ్గరి చిన్న చర్చి తప్ప ఏమీ మిగల్లేదు. ప్లాన్ తయారయ్యేదాకా ఎవరూ తిరిగి రావొద్దని ప్రభుత్వం చెప్పినా వినకుండా జనం వచ్చేశారు. రేకులతో, కొట్టుకొచ్చిన కలపతో గుడిసెలు వేసుకున్నారు. ఈ మాటకు దాదా గట్టిగా నవ్వి, "మంచి పని జేసిండ్రు" అన్నాడు.

ఆమె అక్కడితో ఆపలేదు. అది ఆమెలో మెచ్చుకోవలసిన గుణం. అక్కడ సామీలు అని ఆదివాసులు ఉన్నారు, వాళ్ల భాషను బడిలో మాట్లాడనివ్వలేదు, వంద ఏళ్లకు పైగా అట్లా నడిచింది అని చెప్పింది. 2023లో సత్యశోధన కమిషన్ నివేదిక ఇచ్చింది. 2024 నవంబరులో పార్లమెంటు క్షమాపణ చెప్పింది.

"భూమి?" అన్నాడు దాదా.

ఫోసెన్ అనే చోట సామీల రెయిన్‌డీర్ మేతభూముల్లో గాలిమరలు పెట్టారు. అది వాళ్ల హక్కులకు భంగమని 2021లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పరిహారం ఒప్పందాలు అయ్యాయి. గాలిమరలు మాత్రం ఇంకా తిరుగుతున్నాయి.

దాదా ఏమీ అనలేదు. కోడలిని పిలిచి ఆమెకు ఇంకో రొట్టె వెయ్యమన్నాడు.

మధ్యాహ్నం కెరమెరి ఘాట్ ఎక్కి జోడేఘాట్ చేరాం. విగ్రహం, మ్యూజియం, మంచి రోడ్డు ఉన్నాయి. ఆశ్వయుజ పౌర్ణమికి వర్ధంతి జరిగినప్పుడు ఇక్కడ కారు పెట్టడానికి చోటు దొరకదు. ఇప్పుడు ఖాళీ. మ్యూజియంలో బొమ్మలు చక్కగా చేశారు, జాఫ్నా మిత్రుడు చాలాసేపు నిలబడ్డాడు. కిలినొచ్చిలో పులులు వెనక్కి పోతూ కూల్చేసిన నీళ్ల ట్యాంకును సైన్యం అట్లాగే పడుకోబెట్టి ఉంచి, పక్కన బోర్డు పెట్టి, బస్సుల్లో వచ్చే దక్షిణ లంక యాత్రికులకు చూపించేది. గెలిచినవాళ్లు కట్టే మ్యూజియం అట్లా ఉంటుందట. "ఇక్కడ ఓడిపోయినవాడికి సర్కారే విగ్రహం పెట్టింది. ఇది నేను ఎక్కడా చూడలేదు" అన్నాడు. ఆయన మాటలో అసూయ ఉందనుకుంటాను.

నిజమే, పెట్టింది. గేటు బయట మేకలు కాస్తున్న కుర్రవాడు మాత్రం విగ్రహం గురించి ఒక్క మాటా చెప్పలేదు. 2023లో ఆసిఫాబాద్‌లో పోడు పట్టాలు పంచడం మొదలైనప్పుడు, రాష్ట్రం మొత్తం మీద నాలుగు లక్షల ఎకరాలు లెక్క చెప్పినప్పుడు, వాళ్ల నాన్న దరఖాస్తు పక్కన పెట్టారట. అది ఎక్కడ ఆగిందో మీకేమన్నా తెలుస్తుందా అని నన్ను అడిగాడు. నాకు తెలిసిన ఒక వకీలు నంబరు ఇచ్చాను.

మంగళవారం, ఇంద్రవెల్లి, కేస్లాపూర్

1981 ఏప్రిల్ 20 సోమవారం, ఇంద్రవెల్లి సంత రోజు. గిరిజన రైతుకూలీ సంఘం సభ పెట్టుకుంది. చివరి నిమిషంలో అనుమతి రద్దు చేశారు. కొండల మీది నుంచి నడిచి వస్తున్నవాళ్లకు ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది? పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం లెక్కలో చనిపోయింది 13 మంది. ఇక్కడ ఆ లెక్క ఒప్పుకునే మనిషి నాకు తగల్లేదు.

జాఫ్నా లైబ్రరీ కాలడానికి ఆరు వారాల ముందు సంగతి ఇది. జాఫ్నా మిత్రుడు ఆ తేదీని రెండుసార్లు చెప్పించుకున్నాడు.

ఎర్ర స్తూపం రోడ్డుకు కొంచెం పక్కన ఉంది. 1980ల్లో కట్టారు, కూల్చేశారు, మళ్లీ కట్టారు. ఏళ్ల తరబడి ఏప్రిల్ 20 వస్తే 144 సెక్షన్, చెక్‌పోస్టులు. దండం పెట్టుకోవడానికి వచ్చిన సొంత మనుషులను కూడా వెనక్కి పంపిన రోజులున్నాయి. తెలంగాణ వచ్చాక కొంచెం కొంచెంగా సడలించారు. 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి ఇక్కడికి వచ్చి స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. జాఫ్నా యూనివర్సిటీలో ముల్లివాయ్‌క్కాల్ స్మారకాన్ని 2021 జనవరిలో రాత్రికి రాత్రి బుల్డోజర్‌తో కూల్చారు. విద్యార్థులు నిరాహార దీక్షకు కూర్చుంటే మూడో రోజు మళ్లీ పునాది వేశారు, ఏప్రిల్‌కల్లా కట్టారు. ఇది చెబుతున్నప్పుడు జాఫ్నా మిత్రుడి గొంతు మామూలుగానే ఉంది. 2017 ఫిబ్రవరి నుంచి కిలినొచ్చిలో రోడ్డు పక్కన కూర్చున్న తల్లుల గురించి చెప్పేటప్పుడే ఆగిపోయాడు. తప్పిపోయిన పిల్లల ఫొటోలు పట్టుకుని కూర్చుంటారు. ప్రభుత్వం తప్పిపోయినవాళ్ల కోసం ఒక ఆఫీసు తెరిచింది. ఎదురుచూస్తూనే ఆ తల్లుల్లో చాలామంది చనిపోయారు. ఎందుకు ఇంకా కూర్చుంటారు, ముందుకు సాగండి అని వాళ్లకు చెప్పింది ఎక్కువగా విదేశీ నిపుణులేనట. ఇది నార్వే ఆవిడ ముందే అన్నాడు. తనూ ఒకసారి అట్లా చెప్పానని ఆమె అంది.

స్తూపం దగ్గర డిగ్రీ చదువుతున్న గోండు యువకుడు ఒకడు మాతో కలిశాడు. స్మృతివనం మంచిదే కదా అని నేను అడిగితే, "మంచిదే సార్. ఏప్రిల్ ఇరవైకి పర్మిషన్ అడగకుండ రానియ్యాలె. అదొక్కటి చేస్తే వనం లేకున్నా నడుస్తది" అన్నాడు.

అతనే కేస్లాపూర్ తీసుకుపోయాడు. నాగోబా గుడిని మెస్రం వంశంవాళ్లు చందాలు వేసుకుని కొత్తగా రాతితో కట్టుకున్నారు, 2022 డిసెంబరులో తెరిచారు. పుష్య అమావాస్య జాతరకు ముందు కాలినడకన గోదావరి దాకా పోయి జలం తెచ్చేదీ వీళ్లే. నార్వే ఆవిడ నిధులు ఎక్కడివని అడిగింది. ఎవరిని అడిగినా ఒకటే మాట, మావే. వేయిస్తంభాల దగ్గర పాతరాయి కొత్తరాయి తేడా వెతికిన మనిషి ఇక్కడ ఆ ఊసెత్తలేదు. కూలిపోయిందాన్ని అద్దంలో పెట్టి చూపించడం ఆమె చదువు. కావలసినదాన్ని కట్టుకుని వాడుకోవడం వీళ్ల పద్ధతి. నేను రెండింటికీ మధ్య ఊగుతూనే ఉన్నాను.

గుడి మెట్ల మీద కూర్చుని ఆమె తన రిపోర్టు కోసం రాసుకున్న పేరా ఒకటి చదివి, ఆ యువకుడికి చెప్పమంది. ఒకప్పుడు సంఘర్షణ జరిగిన ప్రాంతం, ఇప్పుడు ప్రశాంతంగా ఉంది, పులుల కారిడార్ కోసం 2025 మేలో ఇచ్చిన జీవో 49ను ఆదివాసుల ఆందోళనతో ప్రభుత్వం జూలైలో వెనక్కి తీసుకుంది అని ఉంది అందులో. కొమురం భీమ్ పేరు పెట్టి, భీమ్ తిరగబడ్డ గూడేల చుట్టూనే మళ్లీ గీత గీసిన జీవో అది. అతను రెండుసార్లు చదివించుకున్నాడు.

"మేడం, వెనక్కి తీసుకోలేదు. ఆపిండ్రు, అంతే. ఎప్పుడైనా మళ్ల తీస్తరు. అది దిద్దుండ్రి," అన్నాడు. "ఇంకోటి. ఒకప్పుడు అని రాసిండ్రు గదా, అది కొట్టేయండ్రి."

ఆమె రెండూ కొట్టేసి, పైన రాసుకుంది. జీవో నంబరు సరిగ్గా ఉందా అని అతను నోట్‌బుక్ తీసుకుని చూశాడు.